రాబ్ బరో: ఐదున్నర అడుగులు కూడా లేని రగ్బీ వీరుడు, ఆయన చివరి నాలుగున్నరేళ్లు

హెడింగ్లీ_శ్రీను · జులై 7, ఉదయం 9:12

ఇవాళ 7వ నెల 7వ తేదీ. ఇంగ్లండ్‌లోని మా లీడ్స్‌లో దీన్ని రాబ్ బరో రోజు అంటారు. ఆయన జెర్సీ నంబరు 7. 2024లో ఇదే రోజున ఆయన అంత్యక్రియలు జరిగాయి. ఫెదర్‌స్టోన్‌లో ఆయన చిన్నప్పుడు ఆడిన క్లబ్బు దగ్గర్నుంచి పాంటీఫ్రాక్ట్ దాకా రోడ్డుకి రెండు పక్కలా జనం నిలబడ్డారు. రకరకాల క్లబ్బుల జెర్సీలు కనిపించాయి. ఇక్కడ ఒక టీమ్ అభిమాని ఇంకో టీమ్ జెర్సీ ఉన్న వీధిలోకి కూడా సరదాగా వెళ్లడు, అలాంటి ఊళ్లు ఇవి.

మన వాళ్లలో చాలామందికి ఆయన పేరు తెలియదు. అందుకే రాయాలనిపించింది.

నేను 2014లో ఉద్యోగం కోసం రాజమండ్రి నుంచి వచ్చాను. పక్కింటి పెద్దాయన ఒక శుక్రవారం సాయంత్రం "ఖాళీగా ఉన్నావా" అని హెడింగ్లీ గ్రౌండ్‌కి తీసుకెళ్లాడు. సౌత్ స్టాండ్‌లో అందరూ నిలబడే చూస్తారు. చలికి చేతులు కొయ్యబారిపోతున్నాయి. గ్రౌండ్‌లో వంద కిలోలు దాటిన మనుషులు ఒకరినొకరు గుద్దుకుంటున్నారు. అంతలో బెంచీ మీద నుంచి ఓ చిన్న మనిషి లేచాడు. స్కూలు పిల్లాడేమో, నీళ్ల బాటిల్ ఇవ్వడానికి వెళ్తున్నాడేమో అనుకున్నాను. స్టాండ్ మొత్తం ఒక్కసారిగా అరిచింది. ఆయనే రాబ్ బరో. ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. బరువు 70 కిలోల లోపే.

ఆ మనిషి లీడ్స్ రైనోస్ క్లబ్బుకి 2001 నుంచి 2017 దాకా ఆడి, రగ్బీ లీగ్‌లో ఇక్కడి పై స్థాయి పోటీ అయిన సూపర్ లీగ్ గ్రాండ్ ఫైనల్ 8 సార్లు గెలిచాడు: 2004, 2007, 2008, 2009, 2011, 2012, 2015, 2017. చాలెంజ్ కప్ రెండుసార్లు, వరల్డ్ క్లబ్ చాలెంజ్ మూడుసార్లు. 2004 గెలుపు సంగతి ఇక్కడి ముసలివాళ్లని అడిగితే కళ్లు చెమ్మగిల్లుతాయి. 1972 తర్వాత లీడ్స్‌కి అదే మొదటి చాంపియన్‌షిప్. 32 ఏళ్లు ఎదురు చూశారు.

2019 డిసెంబరులో, 37 ఏళ్ల వయసులో, ఆయనకి మోటార్ న్యూరాన్ వ్యాధి అని తేలింది. ముగ్గురు పిల్లలు. చివరివాడు ఇంకా పాలుతాగే వయసు దాటలేదు. 2024 జూన్ 2న 41 ఏళ్లకి పోయాడు. మధ్యలో ఆ నాలుగున్నరేళ్లు ఆయన బతికిన తీరు గురించి ఇక్కడ మాట్లాడుకుందాం.

---

కూత_కబడ్డీ · జులై 7, ఉదయం 10:40

శ్రీను అన్నా, మాది జనగామ. జిల్లా స్థాయి దాకా కబడ్డీ ఆడాను. రగ్బీ అంటే నాకు తెలిసింది కోడిగుడ్డు లాంటి బంతి, అంతే. రగ్బీ లీగ్ వేరు, రగ్బీ యూనియన్ వేరు అంటారు కదా, కాస్త మాకు అర్థమయ్యేలా చెప్పవా? అంత చిన్న మనిషి ఆ పెద్దోళ్ల మధ్య ఏం చేసేవాడు?

---

హెడింగ్లీ_శ్రీను · జులై 7, ఉదయం 11:25

కబడ్డీ ఆడినవాడివి, నీకు నాకన్నా బాగా అర్థమవుతుంది తమ్ముడూ.

లీగ్‌లో జట్టుకి 13 మంది. బంతి ఉన్నవాణ్ని పట్టి పడేస్తారు. పడ్డవాడు లేచి బంతిని కాలితో వెనక్కి దొర్లిస్తాడు, వెనకాల ఉన్నవాడు అందుకుంటాడు, ఆట మళ్లీ మొదలు. ఇలా ఆరుసార్లు పట్టుబడితే బంతి అవతలి జట్టుకి వెళ్లిపోతుంది. గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే ట్రై, 4 పాయింట్లు. ఆ తర్వాత గోల్ కొడితే ఇంకో 2.

పడ్డవాడి వెనకాల నిలబడి బంతి అందుకునేవాణ్ని డమ్మీ హాఫ్ అంటారు. బరో ఆట నడిపించే హాఫ్‌బ్యాక్‌గా మొదలుపెట్టి, తర్వాత రోజుల్లో ఎక్కువగా ఈ పని చేసేవాడు. మ్యాచ్ సగానికొచ్చి పెద్దవాళ్ల కాళ్లు బరువెక్కినప్పుడు బెంచీ మీద నుంచి దింపేవాళ్లు. అలసిపోయిన వంద కిలోల మనిషి ఇంకా వంగి లేస్తూ ఉండగానే ఈయన పక్క నుంచి దూసుకుపోయేవాడు.

2011 గ్రాండ్ ఫైనల్ ట్రై ఒక్కటి వెతికి చూడు. మాంచెస్టర్ ఓల్డ్ ట్రాఫర్డ్ గ్రౌండ్‌లో సెయింట్ హెలెన్స్ జట్టు మీద. ఆ ఏడు లీడ్స్ లీగ్‌లో ఐదో స్థానంలో నిలిచి ఫైనల్ దాకా వచ్చింది.

---

కూత_కబడ్డీ · జులై 7, మధ్యాహ్నం 1:05

చూశాను అన్నా. ఆపి ఆపి ఓ పదిసార్లు చూసి ఉంటాను.

అది డుబ్కీ! మన కబడ్డీలో ఇద్దరు చెయ్యీ చెయ్యీ పట్టుకుని చైన్ కట్టి మీదకొస్తే రైడర్ ఆ చేతుల కిందనుంచి మునిగి లేస్తాడు చూడు, అచ్చంగా అదే. బంతి చంకలో ఉంది. డిఫెండర్లు చేతులు చాపారు. మోకాళ్లు మడిచి తల వాళ్ల చేతుల కిందికి దించేశాడు. పట్టుకోవడానికి వాళ్లకి గాలి తప్ప ఏమీ మిగల్లేదు. లేచేసరికి ముందు ఆఖరి కాపలాదారు ఫుల్‌బ్యాక్ ఒక్కడే. వాణ్నీ ఓ అడుగు పక్కకి నమ్మించి దాటేశాడు.

మా కోచ్ ఎప్పుడూ ఒక మాట అనేవాడు, డుబ్కీ వేసేవాడికి కావాల్సింది పొట్టితనం కాదు, నడుము కింద బలం అని. ఆ వేగంలో అంత కిందికి వంగి మళ్లీ లేవాలంటే తొడలు ఇనుములా ఉండాలి.

---

హెడింగ్లీ_శ్రీను · జులై 7, మధ్యాహ్నం 1:30

డుబ్కీ! ఇన్నేళ్లుగా ఆ ట్రైని తెలుగులో ఎలా చెప్పాలో తెలియలేదు. ఆ మ్యాచ్ 32-16తో గెలిచారు. మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్‌కి ఓటు వేసిన పాత్రికేయులంతా ఒక్కరూ తప్పకుండా ఆయన పేరే రాశారు. అంతకుముందు అలా ఎప్పుడూ జరగలేదు. ఇప్పుడు ఆ ఫైనల్ అవార్డుకి ఆయన పేరే పెట్టారు.

ఆఖరి మ్యాచ్ 2017 గ్రాండ్ ఫైనల్. ఎదురుగా కాసిల్‌ఫర్డ్. అంటే తను పెరిగిన ఊరు. 24-6తో గెలిచి బూట్లు విప్పేశాడు. తర్వాత క్లబ్బులోనే కుర్రాళ్లకి కోచింగ్ ఇచ్చేవాడు.

---

పాత_పేపర్లు · జులై 7, సాయంత్రం 4:50

లీగ్, యూనియన్ తేడా అడిగారు కాబట్టి ఓ ముక్క కలుపుతాను. నేను క్రీడల పేజీలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ని.

1895లో హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు కూడి పాత సంఘం, అంటే రగ్బీ యూనియన్ నుంచి విడిపోయాయి. కారణం కూలి. అక్కడ ఆడేవాళ్లు బొగ్గు గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు. శనివారం మ్యాచ్‌కి వెళ్తే ఆ పూట జీతం పోయేది. పోయిన జీతం ఇప్పించండి అని అడిగితే, డబ్బు తీసుకుని ఆడటం మర్యాద కాదని పెద్దలు ఒప్పుకోలేదు. అలా పుట్టింది రగ్బీ లీగ్. బరో పుట్టిన పాంటీఫ్రాక్ట్, పెరిగిన కాసిల్‌ఫర్డ్, ఆడిన ఫెదర్‌స్టోన్ అన్నీ బొగ్గు ఊళ్లే. గనిలో పక్కవాడి మీద ప్రాణం పెట్టి దిగిన జనం వాళ్లు. తర్వాత జరిగిన కథ అర్థం కావాలంటే ఇది తెలిసి ఉండాలి.

అయితే నాకో ఇబ్బంది ఉంది, దాచకుండా చెబుతాను. బరోని వీల్‌చెయిర్‌లో తోస్తూ స్నేహితుడు పరిగెత్తిన మారథాన్ ఫొటో పేపర్లో చూశాను. మాటా కదలికా లేని మనిషిని అన్ని వేలమంది మధ్యకి, కెమెరాల ముందుకి తీసుకురావడం నాకు మనసొప్పలేదు. మా ఇంట్లో ఎవరికైనా అలా అయితే నేను ఒప్పుకోను. జబ్బుపడ్డ మనిషికి కాస్త మరుగు ఉండాలి.

---

ఫిజియో_వసుధ · జులై 7, రాత్రి 8:15

నేను హైదరాబాద్‌లో ఫిజియోథెరపిస్టుని. ముందు జబ్బు గురించి నాలుగు మాటలు చెబుతాను, చాలామందికి తెలియదు.

మెదడు నుంచి, వెన్నుపాము నుంచి కండరాలకి కబురు తీసుకెళ్లే నాడీకణాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి. కబురు అందని కండరం సన్నబడిపోతుంది. కొందరికి చేతిలో మొదలవుతుంది, చొక్కా గుండీ పెట్టుకోలేరు. కొందరికి కాల్లో, చెప్పు జారిపోతూ ఉంటుంది. కొందరికి నాలుకలో. బరోకి మాటతోనే బయటపడింది. 2019లో తోటి ఆటగాడి సన్మానంలో ప్రసంగిస్తుంటే మాట ముద్దగా వచ్చింది, చూసిన స్నేహితులకి అనుమానం వచ్చింది. మన దగ్గర దీన్ని ఎక్కువగా ఏఎల్ఎస్ అంటారు. స్టీఫెన్ హాకింగ్‌కి వచ్చింది ఇదే కుటుంబపు జబ్బు, కానీ ఆయనలా దశాబ్దాల పాటు బతికేవాళ్లు చాలా అరుదు. బయటపడ్డాక రెండు మూడేళ్లలో పోయేవాళ్లే ఎక్కువ. రిలుజోల్ అనే మందు ఉంది, అది కొన్ని నెలలు నెమ్మదింపజేస్తుంది. నయం చేసే మందు లేదు.

ఇందులో అన్నిటికన్నా కఠినమైన సంగతి, చాలామందిలో తెలివి, జ్ఞాపకం చెక్కుచెదరవు. చూపు కదలిక చివరిదాకా మిగులుతుంది. లోపలి మనిషి పూర్తిగా అక్కడే ఉంటాడు.

@పాత_పేపర్లు గారూ, మీ మాట నాకు తప్పనిపించలేదు. కానీ అక్కడ నిర్ణయం ఎవరిదన్నది ముఖ్యం. ఆయన కళ్లతో నడిచే కంప్యూటర్ మీద ఒక్కో అక్షరం చూస్తూ వాక్యాలు రాసేవాడు. అది ఆయన పాత రికార్డుల నుంచి తయారుచేసిన గొంతుతో, ఆయన యార్క్‌షైర్ యాసలోనే పలికేది. 2022లో బీబీసీ పిల్లల చానల్లో నిద్రపోయే ముందు చెప్పే కథ కూడా అలాగే చదివాడు. వద్దు అనాలనుకుంటే అనగలిగే మనిషే.

---

కూత_కబడ్డీ · జులై 7, రాత్రి 9:02

వసుధ అక్కా, ఒక్క టెన్షన్. ఆటలో తలకి తగిలిన దెబ్బల వల్ల వస్తుందా ఇది? మా పిల్లాణ్ని అకాడమీలో వేశాను.

---

ఫిజియో_వసుధ · జులై 7, రాత్రి 9:40

ఒక్క మనిషిని చూపించి ఇందువల్లే వచ్చిందని ఏ డాక్టరూ చెప్పలేడు తమ్ముడూ. 2022లో గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్లు స్కాట్లండ్ తరఫున ఆడిన 412 మంది మాజీ రగ్బీ యూనియన్ ఆటగాళ్లని మామూలు జనంతో పోల్చి చూశారు. ఈ జబ్బు రిస్కు 15 రెట్లు కనిపించింది. కానీ జబ్బే అరుదైనది కాబట్టి కేసుల సంఖ్య చాలా చిన్నది, జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. అలాగని కొట్టిపారేయనూ లేం. స్కాటిష్ ఆటగాడు డోడీ వియర్ దీనితోనే 2022లో పోయారు. ఫుట్‌బాల్ ఆడిన స్టీఫెన్ డార్బీకీ వచ్చింది. వీళ్లిద్దరూ బరోకి మొదట్లో ధైర్యం చెప్పినవాళ్లే.

మీ పిల్లాడి విషయంలో నేను చెప్పేది ఒక్కటే. తలకి దెబ్బ తగిలి కళ్లు తిరిగాయంటే ఆ రోజు ఆట బంద్. కోచ్ ఏమన్నా సరే. డాక్టరు చూసి సరేనన్నాకే మళ్లీ కోర్టులోకి.

---

తెనాలి_పెద్దోడు · జులై 7, రాత్రి 11:48

రాద్దామా వద్దా అని గంట నుంచి ఆలోచిస్తున్నాను.

మా నాన్నకి ఇదే జబ్బు. ముందు మాట తడబడింది. ఓ పెద్ద ఆసుపత్రిలో మెడ దగ్గర డిస్కు జారిందని ఆపరేషన్ చేశారు. ఇంకోచోట పక్షవాతం అన్నారు. ఏడాదిన్నర తిరిగాక ఓ న్యూరాలజిస్టు నాలుక బయట పెట్టమని, దాని మీద పురుగులు పారినట్టు అదురుతున్న కండరాన్ని చూసి ఫైలు మూసేసి నన్ను పక్కకి పిలిచారు. ఇప్పుడు మాట పూర్తిగా పోయింది. చేతులు లేవవు.

@పాత_పేపర్లు గారూ, మీరు చెప్పిన మరుగు మేమూ ఇచ్చాం. ముందు గదికి కర్టెన్ కట్టాం. ఎవరైనా అడిగితే షుగర్ ఎక్కువైందని చెప్పాం. మా నాన్న జీవితమంతా అరుగు మీద గడిపిన మనిషి. పొద్దున్నే పేపరు, నలుగురు స్నేహితులు, పంటల ధరలు, రాజకీయాలు. వాళ్లు రెండుసార్లు వచ్చారు, నిద్రపోతున్నారని పంపేశాం. మూడోసారి రాలేదు. నాన్న కర్టెన్ వైపే చూస్తూ పడుకునేవారు. పరువు కాపాడుతున్నామనుకున్నాం, ఉన్న నలుగురినీ దూరం చేశామని తెలియలేదు.

శ్రీను గారూ, ఆ మారథాన్ రోజు మీరు అక్కడున్నారా? వివరంగా రాయండి. ప్లీజ్.

---

హెడింగ్లీ_శ్రీను · జులై 8, ఉదయం 6:30

ఉన్నాను అన్నా. రాస్తాను.

ముందు కెవిన్ సిన్‌ఫీల్డ్ ఎవరో చెప్పాలి. బరోతో కలిసి 7 గ్రాండ్ ఫైనల్స్ గెలిచిన కెప్టెన్. జబ్బు సంగతి బయటికొచ్చిన మూడు వారాలకి, 2020 జనవరి 12న, హెడింగ్లీలో తోటి ఆటగాడు జేమీ జోన్స్-బుకానన్ గౌరవార్థం టెస్టిమోనియల్ మ్యాచ్ జరిగింది. టికెట్లు ఒక్కటి మిగల్లేదు. రిటైరైపోయిన పాత జట్టంతా బూట్లు వేసుకుని దిగింది. ఆఖరి కొన్ని నిమిషాలకి బరో కూడా దిగాడు. ఆయన ఆ గ్రౌండ్‌లో ఆడడం అదే చివరిసారి.

ఆ డిసెంబరులో సిన్‌ఫీల్డ్ 7 రోజుల్లో 7 మారథాన్లు పరిగెత్తాడు. ఈ జబ్బు బాధితుల కోసం 77,777 పౌండ్లు పోగైతే చాలనుకున్నాడు. 20 లక్షల పౌండ్లు దాటింది. 2021లో లెస్టర్ నుంచి లీడ్స్‌కి 24 గంటల్లో 101 మైళ్లు. 2022లో ఎడిన్‌బరో నుంచి ఓల్డ్ ట్రాఫర్డ్ దాకా, రోజుకి 40 మైళ్ల చొప్పున వారం. తర్వాతి ఏళ్ల పరుగులు కూడా కలుపుకుంటే కోటి పౌండ్లకి పైనే పోగయింది.

2023 మే 14. లీడ్స్ మారథాన్, ఆయన పేరు మీదే పెట్టారు. 26 మైళ్లు సిన్‌ఫీల్డ్ బరో వీల్‌చెయిర్ తోసుకుంటూ పరిగెత్తాడు. అదే రోజు బరో భార్య లిండ్సీ కూడా పరిగెత్తింది. ఆవిడా వసుధ గారిలాగే ఫిజియోథెరపిస్టు. ఇంట్లో ఆయనకి తినిపించడం, స్నానం, పిల్లల స్కూలు, ఉద్యోగం అన్నీ చూసుకుంటూ మారథాన్‌కి తయారైంది. జనం సిన్‌ఫీల్డ్ గురించే ఎక్కువ మాట్లాడతారు. నాకు ఆవిడే ఎక్కువ గుర్తుకొస్తుంది.

నేను హెడింగ్లీ దగ్గర ఫినిష్ లైన్‌కి కాస్త ఇవతల ఉన్నాను. దూరం నుంచి అరుపు వీధి వెంట జరుగుతూ వచ్చింది. గీతకి కొన్ని అడుగుల ముందు సిన్‌ఫీల్డ్ కుర్చీ ఆపాడు. వంగాడు. ఒక చెయ్యి మోకాళ్ల కింద, ఇంకో చెయ్యి వీపు వెనక పెట్టి, నిద్రపోయిన పిల్లాణ్ని మంచం మీద నుంచి ఎత్తినట్టు ఎత్తుకున్నాడు. 26 మైళ్లు తోసిన చేతులవి. తూలలేదు. ఇద్దరూ కలిసి గీత దాటారు. చెంప మీద ముద్దు పెట్టాడు. నా పక్కన నిలబడ్డ పక్కింటి పెద్దాయన టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

నాకు అక్కడ జాలి ఎక్కడా కనిపించలేదు. రాబ్ మొహంలో ఉన్నది నవ్వు.

---

వైజాగ్_అలలు · జులై 8, ఉదయం 8:20

బస్సులో చదువుతూ దిగాల్సిన స్టాపు దాటిపోయాను. తెనాలి అన్నా, నాన్నగారికి నమస్కారాలు చెప్పండి.

---

పాత_పేపర్లు · జులై 8, ఉదయం 10:15

తెనాలి అబ్బాయీ, రాత్రి నీ పోస్టు చదివాక నిద్ర పట్టలేదు. నా అభిప్రాయం మొత్తం మారిందని చెప్పలేను. అడగకుండా ఫొటోలు తీసి సోషల్ మీడియాలో పెట్టేవాళ్లని ఇప్పటికీ సహించలేను. కానీ నేను మరుగు గురించి మాట్లాడినప్పుడు, ఆ మరుగు ఆ మనిషికి కావాలా, లేక మనకి కావాలా అని ఆలోచించలేదు. మా అన్నయ్యకి పక్షవాతం వచ్చినప్పుడు మేమూ తలుపు దగ్గరగా వేశాం. ఆయన్ని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఒక చిన్న సంగతి. బరో పోయిన ఆరు రోజులకి వెంబ్లీలో చాలెంజ్ కప్ ఫైనల్. మూడింటికి మొదలవాల్సిన ఆటని 3:07కి మొదలుపెట్టారు, ఆ 7 నంబరు కోసం. లీడ్స్‌లో ఆయన పేరు మీద ఈ జబ్బు కోసం తలపెట్టిన కేంద్రానికి పునాది పనులు కూడా ఆయన పోయిన మర్నాడే మొదలయ్యాయి. సీక్రాఫ్ట్ ఆసుపత్రి ఆవరణలో. రోగులూ, కుటుంబాలూ ఒకేచోట వచ్చి కూర్చునేలా ఉండాలన్నది ఆయన కోరిక.

---

ఫిజియో_వసుధ · జులై 8, మధ్యాహ్నం 2:10

తెనాలి గారూ, నాన్నగారు మీతో ఇప్పుడు ఎలా మాట్లాడుతున్నారు? కళ్లు బాగా కదులుతాయా?

ఇది చదివే మిగతావాళ్లకి కూడా ఒక మాట. జబ్బు అని తెలిసిన రోజే ఆ మనిషి గొంతు రికార్డు చేసి పెట్టుకోండి. మాట తడబడక ముందే చేస్తే మంచిది. మనవళ్లని పిలిచే పిలుపు, పాడే పద్యం, తిట్టే తిట్టు, అన్నీ. ఫోన్ చాలు.

---

తెనాలి_పెద్దోడు · జులై 9, రాత్రి 10:30

వసుధ గారూ, కళ్లు బాగా కదులుతాయి. ఆ కళ్ల కంప్యూటర్ మా తాహతుకి మించింది. మా చెల్లెలు ఒక అట్ట మీద అక్షరమాల రాసింది. ఒక వరుస అచ్చులు, తర్వాత క వర్గం, చ వర్గం, ట, త, ప వర్గాలు, చివర య నుంచి. మేం వరుస పేరు చదువుతాం, కావాల్సింది రాగానే రెప్ప వేస్తారు. తర్వాత ఆ వరుసలో అక్షరం. తర్వాత గుణింతం: తలకట్టు, దీర్ఘం, గుడి, ఇలా. వత్తులు వదిలేశాం, మేమే ఊహించుకుంటాం. ఒక్క మాటకి రెండు మూడు నిమిషాలు పడుతుంది. మొదటిరోజు నాన్న చెప్పిన మొదటి మాట "గేదె". ఎన్నో ఊహించుకుని కూర్చున్నాం. దానికి దాణా వేశారా అని అడిగారు.

నిన్న కర్టెన్ తీసేశాను. మంచం కిటికీ దగ్గరికి జరిపాం. అరుగు బ్యాచ్‌లో ముగ్గురికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. సాయంత్రం వచ్చారు. ఒకాయన పేపరు చదివి వినిపించారు, మధ్యలో ధరల దగ్గర ఆగి నాన్న మొహం చూశారు, నాన్న కనుబొమ్మలు ఎగరేశారు. ఇద్దరూ నవ్వారు.

గొంతు రికార్డు చేయలేకపోయాం. కానీ మీరు రాశాక పాత వాట్సాప్ అంతా వెతికాను. మూడేళ్ల కిందటి వాయిస్ మెసేజ్ ఒకటి దొరికింది. 14 సెకన్లు. "ఒరేయ్, బయల్దేరావా? వర్షం వచ్చేలా ఉంది, గొడుగు తెచ్చుకో. అమ్మకి చెప్పకు, బజ్జీలు పట్రా."

ఇవాళ నాన్న చెవి దగ్గర పెట్టి వినిపించాను. కాసేపు కళ్లు మూసుకున్నారు. తర్వాత అట్ట వైపు చూశారు. ప వర్గం. మ. తలకట్టు. చివరి వరుస. ళ. గుడి దీర్ఘం.

మళీ.

వత్తు మేమే వేసుకున్నాం. ఇంకోసారి వినిపించాను. ఆ తర్వాత ఇంకోసారి.

అట్ట ఫొటో కావాలంటే ఆదివారం పెడతాను. చెల్లెలు స్కెచ్ పెన్నుతో రాసింది, కాస్త చెరిగిపోయింది. మళ్లీ పెద్ద అక్షరాలతో రాయిస్తున్నాను.